పేల్చే బటనే లేని ఆట

వీడియో గేమ్ మెషిన్ మొరాయించిందని కబురొస్తే నేను ముందు చెయ్యి పెట్టేది జాయ్‌స్టిక్ మీద. విజయవాడలో టీవీ రిపేర్ షాపు నడిపిన రోజుల్లో పార్లర్ల పని కూడా ఒప్పుకునేవాణ్ణి. పిక్చర్ ట్యూబు పోవడం ఎప్పుడో గానీ ఉండేది కాదు. పిల్లల చేతుల్లో నలిగేది స్టిక్కూ, దాని కింద స్విచ్చులూ. అందుకే ఆటల చరిత్ర చెప్పేవాళ్లు బొమ్మల గురించీ కథల గురించీ చెప్పి ఊరుకుంటే నాకు సగమే విన్నట్టుంటుంది. ఆడేవాడి చేతులకు ఏం పని ఇచ్చారన్నది మిగతా సగం. ఆ లెక్కన నాకు అన్నిటికంటే విచిత్రంగా కనిపించే మెషిన్ 1982లో షికాగోలో తయారైన ‘రోబోట్రాన్: 2084’. ప్యానెల్ మీద రెండు స్టిక్కులు, ఆట మొదలుపెట్టడానికి రెండు బటన్లు. అంతే. తుపాకీ ఆటే, కానీ పేల్చడానికి బటన్ లేదు. ఎడమ స్టిక్కు ఎటు తోస్తే మనిషి అటు పరిగెడతాడు, కుడి స్టిక్కు ఎటు తోస్తే గుళ్లు అటు వెళ్తాయి.

రెండు స్టిక్కులన్న ఊహ అప్పటికే ఉంది. 1975లో జపాన్‌లో టైటో కంపెనీ తెచ్చిన ‘వెస్టర్న్ గన్’లో ఒక స్టిక్కుతో కౌబాయ్‌ని నడిపి, ఇంకోదానితో గురి మార్చేవారు. చేసినవాడు తొమొహిరో నిషికాడో, తర్వాత ‘స్పేస్ ఇన్వేడర్స్’ చేసింది కూడా ఆయనే. అమెరికాలో మిడ్‌వే దాన్నే మైక్రోప్రాసెసర్‌తో తిరగరాయించి ‘గన్ ఫైట్’ పేరుతో అమ్మింది. కానీ అది ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కాల్చుకునే నెమ్మదైన ఆట. రెండు చేతులకూ ఒకేసారి ఊపిరాడనంత పని చెప్పలేదు.

ఆ పని చెప్పినవాడు యూజీన్ జార్విస్. కాలిఫోర్నియాలో పుట్టి, బర్కిలీలో చదివి, అటారీ పిన్‌బాల్ విభాగంలో కొన్నాళ్లు చేసి, షికాగోలో నార్త్ కాలిఫోర్నియా అవెన్యూ మీదున్న విలియమ్స్ కంపెనీకి చేరాడు. విలియమ్స్, బ్యాలీ, స్టెర్న్, అన్నీ ఆ చుట్టుపక్కలవే. దేశమంతటికీ పిన్‌బాల్ మెషిన్లు తయారుచేసి పంపిన ఆ నగరమే చాలాకాలం తన వీధుల్లో పిన్‌బాల్ ఆడనివ్వలేదు. ఆ నిషేధం ఎత్తేసింది 1970లలో.

జార్విస్ మొదటి పెద్ద ఆట ‘డిఫెండర్’. దాని ప్యానెల్ నిండా బటన్లే. తర్వాత ల్యారీ డిమార్‌తో కలిసి విడ్ కిడ్జ్ అని సొంత దుకాణం పెట్టాడు. అప్పట్లో అతన్ని ఆకట్టుకున్న ఆట స్టెర్న్ వారి ‘బెర్జర్క్’. గదిలో రోబోలు మీదికొస్తుంటాయి, మనం కాల్చాలి. చిక్కేమిటంటే నడకకూ గురికీ స్టిక్కు ఒక్కటే. వెనక్కి పరిగెడుతూ ముందుకు కాల్చడం కుదరదు. ఈలోగా జార్విస్‌కు ప్రమాదంలో కుడి చెయ్యి దెబ్బతింది. కట్టుతో పనిలోకి వచ్చాడు. స్టిక్కు పట్టుకుని బటన్ నొక్కడం ఆ చేతివల్ల కాదు, కర్రలాంటిదేదైనా పట్టుకుని తొయ్యడం అవుతుంది. రెండు అటారీ జాయ్‌స్టిక్కులు ఒక పలకకు బిగించి, ‘స్టార్‌గేట్’ ఆట బోర్డుకు కలిపి చూశారు. మొదట అనుకున్న ఆటలో అసలు కాల్చడమే లేదు. రోబోలను ఊరించి కరెంటు స్తంభాలకు గుద్దుకునేలా చెయ్యడమే. కాసేపు ఆడేసరికి విసుగొచ్చింది. అప్పుడు రెండో స్టిక్కుకు తుపాకీ తగిలించారు.

చెయ్యి విరగడం వల్లే కొత్త ఆట పుట్టిందని చెబితే వినడానికి బాగుంటుంది. నేను పూర్తిగా ఒప్పుకోను. దెబ్బ తగిలినవాళ్లు చాలామంది ఉంటారు. ‘బెర్జర్క్’ ఆడుతూ దాని లోపానికి పళ్లు కొరుక్కున్నవాడికి తగలడమే ఇక్కడ విశేషం.

అలా పుట్టిన రోబోట్రాన్ లోపల ఉన్నది సెకనుకు పది లక్షల టిక్కుల మోటరోలా 6809. ఈ రోజుల్లో వాషింగ్ మెషిన్‌లోనూ అంతకంటే వేగమైన చిప్ ఉంటుంది. దానికి తోడుగా బొమ్మలను మెమరీలో చకచకా కదిలించే ప్రత్యేక చిప్పులు పెట్టారు. అందుకే గది నిండా పదుల కొద్దీ శత్రువులు తడబాటు లేకుండా మీదికొస్తారు. దాక్కోవడానికి గోడలే లేవు. మనల్ని నట్టనడుమ నిలబెట్టి చుట్టూ గ్రంట్లనే రోబోలను వదులుతారు. ఎంత కాల్చినా చావని హల్క్‌లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఈ గొడవ మధ్యలో ఒక కుటుంబం: అమ్మ, నాన్న, మైకీ అనే పిల్లాడు. వాళ్లను తాకితే కాపాడినట్టు. మొదటి మనిషికి 1000, రెండో మనిషికి 2000, అలా 5000 దాకా పెరిగి అక్కడ నిలుస్తుంది. ఒక రౌండులో చావకుండా పది మందిని కాపాడితే 40,000. మామూలుగా ప్రతి 25,000కు ఒక ప్రాణం అదనం. అంటే దయ చూపిస్తే ఆయుష్షు పెరుగుతుంది, కానీ దయ చూపించడానికి గుంపులోకి దూరాలి.

ఆరితేరినవాళ్ల అభిప్రాయాలు ఇక్కడే చీలతాయి. ఈ ఆట అన్యాయం చెయ్యదని, ప్రతి చావుకూ మన చేతులే కారణమని ఒక వర్గం. మూలల్లోంచి వచ్చి నిప్పురవ్వలు విసిరే ఎన్‌ఫోర్సర్ల ముందు న్యాయమేమిటని ఇంకో వర్గం. ఐదో రౌండు ముచ్చట మాత్రం ఇద్దరూ ఇష్టంగా చెప్పుకుంటారు. అందులో అమ్మలు బోలెడుమంది, మైకీ ఒక్కడే. మనుషులను పట్టి మరమనుషులుగా మార్చేసే బ్రెయిన్లు, ప్రోగ్రామ్‌లో పొరపాటు వల్ల, ఆ ఒక్క పిల్లాడి వెంటే పడతాయి. కాబట్టి తెలిసినవాళ్లు మైకీని కాపాడరు! వాడు అలా పరిగెడుతుంటే అమ్మలందరినీ ఏరుకుని ప్రాణాలు పోగేసుకుంటారు. తప్పు రాసిన ప్రోగ్రామును ఆడేవాళ్లు వ్యూహంగా మార్చుకున్నారు.

ఒక మెకానిక్ మాట కూడా చెప్పుకోవాలి. ఇందులో పెట్టినవి వికో కంపెనీ స్టిక్కులు. కింద లీఫ్ స్విచ్చులు, అంటే తగులుకోవడానికి రెండు పల్చటి లోహపు రేకులు. తర్వాత కాలం మైక్రోస్విచ్‌లా టిక్కుమనవు, అడ్డుపడవు. చేతికి ఏదో సాగినట్టు మెత్తగా ఉంటుంది. మట్టి పడితే పోస్టుకార్డు ముక్క రేకుల మధ్య పెట్టి లాగితే చాలు. మృదంగం మీదలా కుడి ఎడమ చేతులకు వేర్వేరు పని చెప్పే ఆటకు ఇంత మెత్తటి స్విచ్ ఉండాల్సిందే. టిక్కుటిక్కుమనే స్విచ్‌తో ఇది ఆడమంటే నేను ఆడను.

మా పార్లర్లలోకి ఈ రకం ఆట రాలేదు, నేను చూసినంతలో. కారణం రుచి కాదు, వైరింగ్. 1985లో జపాన్ కంపెనీలు జామా అని ఒక కనెక్టర్ పద్ధతి స్థిరపరిచాయి. ఒక్కో ఆటగాడికి ఒక స్టిక్కు, కొన్ని బటన్లు. పెట్టె అదే ఉంచి బోర్డు మారిస్తే కొత్త ఆట. మా ఓనర్లు పాత పెట్టెల్లో బోర్డులు మార్చుకుంటూ బతికినవాళ్లు. 1993 నాటి ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’, మన పిల్లలందరి నోట ‘ముస్తఫా’, అలాగే వచ్చి ఏళ్ల తరబడి కూర్చుంది. జార్విస్, మార్క్ టర్మెల్ కలిసి 1990లో చేసిన ‘స్మాష్ టీవీ’కి ఇద్దరు ఆడాలంటే నాలుగు స్టిక్కులు కావాలి. ప్యానెల్ కోసి కొత్తగా రంధ్రాలు వెయ్యాలి. రూపాయి టోకెన్ల వ్యాపారానికి ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఇళ్లలోకి వెళ్లేటప్పుడూ ఇదే అవస్థ. అటారీ 5200కు రెండు కంట్రోలర్లను పక్కపక్కన బిగించే ప్లాస్టిక్ చట్రం ఇచ్చారు. సూపర్ నింటెండోలో నాలుగు బటన్లనే నాలుగు దిక్కులుగా వాడుకున్నారు. 1997లో సోనీ ఒకే కంట్రోలర్ మీద రెండు బుల్లి స్టిక్కులు పెట్టాకే దారి తెరుచుకుంది. అయినా అలవాటు కావడానికి టైం పట్టింది. 2000లో వచ్చిన ‘ఏలియన్ రెసరెక్షన్’లో ఒక బొటనవేలితో నడక, ఇంకో బొటనవేలితో చూపు అని పెడితే, ఇదేం కంట్రోలని ఒక సమీక్షకుడు విసుక్కున్నాడు. ఇప్పుడు ఫోన్లో తుపాకీ ఆట ఆడే ప్రతి కుర్రాడూ చేసేది అదే.

2003లో లివర్‌పూల్‌లోని బిజార్ క్రియేషన్స్ కార్ల ఆటలో, గరాజ్‌లో దాచిన చిన్న ఆటగా ‘జామెట్రీ వార్స్’ వచ్చింది. స్టీఫెన్ కేక్‌బ్రెడ్ కంట్రోలర్‌ను పరీక్షించడానికి రాసుకున్నది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు విడిగా అమ్మితే కార్ల కంటే దాని గురించే జనం మాట్లాడుకున్నారు. ఇక్కడ రోబోట్రాన్‌లోలా ఎనిమిది దిక్కులు కాదు, ఎటైనా కాల్చొచ్చు. పాతవాళ్లు కొందరు అది సుఖమెక్కువైందంటారు. ఎనిమిది దిక్కులే ఉంటే శత్రువును వరసలోకి తెచ్చుకోవడానికి కాళ్లు కదపాలి, ఆ కదలికే ఆట అని వాళ్ల వాదన. నేను వాళ్ల పక్షమే.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్న మా అబ్బాయి నన్ను బ్రూక్‌ఫీల్డ్‌లోని గ్యాలపింగ్ ఘోస్ట్‌కు తీసుకెళ్లాడు. 2010లో తెరిచిన ఆర్కేడ్. తలుపు దగ్గర ఒకసారి డబ్బు కడితే రోజంతా ఏ మెషిన్ అయినా ఆడుకోవచ్చు. అక్కడ కుర్రాళ్లు చచ్చిపోయి నవ్వుతూ మళ్లీ స్టార్ట్ నొక్కుతుంటే నాకు అర్థమైంది. పార్లర్లో చివరి టోకెన్‌తో ఆడే పిల్లాడి మెడనరాలు చూసినవాణ్ణి నేను. పావలా డాలరు నాణేనికి కొద్ది నిమిషాలు ఇచ్చి బయటికి తొయ్యడానికి పుట్టిన ఆట రోబోట్రాన్. ఓనరుకు కలెక్షన్, ఆడినవాడికి కసి. నాణెం తీసేస్తే స్టిక్కులు అవే, భయం మాత్రం వేరు.

2017 నాటి ‘నెక్స్ మషీనా’ మీద ఆడినవాళ్ల మాటలు ఆ కోణంలోంచే చదవాలి. హెల్సింకీ కంపెనీ హౌస్‌మార్క్, సాక్షాత్తు జార్విస్‌ను కలుపుకుని చేసింది. కాపాడాల్సిన మనుషులు ఉన్నారు, గది గదికీ శత్రువులున్నారు, ముక్కలై పేలే రంగులున్నాయి. విమర్శకులు బాగా మెచ్చారు. కొన్నవాళ్లూ మెచ్చారు, కానీ ఒక సాయంత్రంలో అయిపోయిందన్నవాళ్లు చాలామంది. అయిపోవడమేమిటి, మళ్లీ మొదటినుంచి ఆడి స్కోరు పెంచుకోవడమే కదా ఆట అని ఇంకొందరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు ఇంటికి తెచ్చుకున్న సరుకు బరువు చూస్తున్నారు, ఇంకొకరు నాణెం వేసే రోజుల లెక్కలో ఉన్నారు. గల్లాపెట్టె మొదటివాళ్ల మాటే విన్నది. అదే ఏడాది నవంబరులో హౌస్‌మార్క్ ఆర్కేడ్ చచ్చిపోయిందని ప్రకటించి దారి మార్చుకుంది. 2021లో ‘రిటర్నల్’ చేసి సోనీ చేతికి వెళ్లింది.

ఆ మరుసటి ఏడాదే ‘వాంపైర్ సర్వైవర్స్’ ఐదు డాలర్ల లోపు ధరకు లోకాన్ని ఊపేసింది. చుట్టూ గుంపు, నట్టనడుమ మనం, అంతా రోబోట్రాన్ బాపతే. కాకపోతే గుళ్లు వాటంతటవే పేలతాయి, మనం ఎడమ స్టిక్కుతో తిరగడమే. ఒక్కో ఆట ముప్ఫై నిమిషాలు. మా అబ్బాయి దానికి బానిస. బాగానే ఉంటుంది, నేనూ ఆడాను. కానీ కుడిచేతికి పనిలేని ఆటను ఈ వంశంలో చేర్చమంటే మాత్రం నేను చేర్చను.