అదును లెక్క

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఒక్కసారి మీ వంటింటి గోడకున్న క్యాలెండరు చూడండి. పాలవాడు రాని రోజున ఒక సున్నా, గ్యాసు బండ మార్చిన రోజున ఒక గీత, మూలన కిరాణా పద్దు ఉంటాయి. ఇన్ని లెక్కలు రాసే మనం మన ఒంటి లెక్క మాత్రం రాసుకోం. డాక్టరమ్మ అడిగితే "పోయిన నెల, అమావాస్యకు ముందో వెనకో" అని నసుగుతాం. ఈవేళ నేను చెప్పబోయేది ఆ లెక్క కథే. బిడ్డ కావాలనుకునే ఇల్లాలికి నెలలో ఏ రోజులు అనువైనవి అన్న ప్రశ్న చాలా పాతది. సరైన జవాబు దొరికి మాత్రం నూరేళ్లే అయింది. ఆ జవాబు మా ఇంటికి ఆలస్యంగా అందినందుకు నేనూ నాలుగేళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాను.

మాది సిద్దిపేట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా వారికి నిజామాబాదులో ఉద్యోగం. నెలకోసారి రెండు మూడు రోజులు సెలవు పెట్టి వచ్చేవారు. ఎప్పుడు రావాలో నిర్ణయించేది మా అత్తమ్మ. "బయట కూసున్న దినం నుంచి పదారు రాత్రులే బిడ్డా. అవి దాటితే ఆ నెలకు అదును పోయినట్టే" అనేది. పదో రోజు అటూ ఇటూగా కొడుక్కి కబురు వెళ్లేది. ఆయన వచ్చేవారు, వెళ్లేవారు. నెల తిరిగేసరికి నేను మళ్లీ బయట కూర్చునేదాన్ని. మూడో ఏడు ఒక శ్రీమంతం పేరంటంలో గాజులు తొడిగే వరుసలో ఒకావిడ నన్ను దాటించేసింది. పెదవి విప్పి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే కూలబడ్డాను.

అత్తమ్మను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆవిడ లెక్క ఆవిడ కల్పించింది కాదు. మనుస్మృతిలో స్త్రీకి ఋతుకాలం పదహారు రాత్రులని ఉంది. అందులో మొదటి నాలుగు రాత్రులు కూడదన్నారు. సుశ్రుత సంహితలో పన్నెండు రాత్రుల లెక్క కనిపిస్తుంది. గర్భం నిలవడానికి ఋతువు, క్షేత్రం, నీరు, బీజం అనే నాలుగూ కుదరాలని కూడా సుశ్రుతుడు చెప్పాడు. అదునూ పదునూ చూసి విత్తే మన రైతు మాటే ఇది. కంటికి కనపడని సంగతిని పంటతో పోల్చి అర్థం చేసుకున్నారు పెద్దలు.

నిజం చెప్పాలంటే ఆ లెక్క మరీ తీసిపారేయదగ్గది కాదు. ఇరవై ఎనిమిది రోజులకోసారి బయట చేరే స్త్రీకి పద్నాలుగో రోజు అటూ ఇటూగా అండం విడుదలవుతుంది. అది పదహారు రాత్రుల్లోనే పడుతుంది కదా! పంతొమ్మిదో శతాబ్దపు యూరపు డాక్టర్లు ఇంతకన్నా దూరం పోయారు. 1827లో ఫాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు కుక్క అండాశయంలో అండాన్ని మొదటిసారి చూశాడు. అండం ఉన్నదని తేలింది గాని, స్త్రీలో అది ఎప్పుడు విడుదలవుతుందో తేలలేదు. జంతువులు ఎదకు వచ్చే సమయమూ స్త్రీల ముట్టూ ఒకటేననుకుని, ముట్టుకు ముందూ వెనకా రోజులే గర్భానికి అనువైనవని ఎందరో డాక్టర్లు చెప్పారు. నెల నడిమి రోజులు గర్భం రాని రోజులన్నారు. అంటే పూర్తిగా తలకిందులు. ఆ మాట నమ్మి బిడ్డ కోసం ఎదురుచూసిన వాళ్ల సంగతి ఏమయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

చిక్కుముడి విప్పినవాడు జపానులోని నీగాతా పట్నంలో పనిచేసిన క్యుసాకు ఓగినో అనే డాక్టరు. ఆయన చేసిన పని వింటే ఎంతో సులువనిపిస్తుంది. స్త్రీలకు కడుపు ఆపరేషను చేసేటప్పుడు, అండం విడుదలైన గుర్తు అండాశయం మీద ఉన్నదా లేదా అని చూసేవాడు. ఆ స్త్రీ ఎప్పుడు బయట చేరిందో, తరవాత మళ్లీ ఎప్పుడు చేరిందో అడిగి రాసుకునేవాడు. ఆ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. అందరూ ముట్టు మొదలైన రోజు నుంచి ముందుకు లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టవలసింది వెనక నుంచి! రాబోయే ముట్టుకు 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని ఆయన తేల్చాడు. 1924లో జపాను భాషలోనూ, 1930లో జర్మను భాషలోనూ ప్రచురించాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆస్ట్రియా దేశపు హెర్మన్ క్నాస్ కూడా వేరే దారిలో ఇలాంటి నిర్ణయానికే వచ్చాడు.

ఇందులో కిటుకేమిటంటే, నెలలో రెండు భాగాలున్నాయి. అండం పెరిగే మొదటి భాగం ఒకరికి పది రోజులు, ఇంకొకరికి ఇరవై రోజులు పట్టవచ్చు. అండం విడుదలయ్యాక వచ్చే రెండో భాగం మాత్రం చాలామందికి సుమారు రెండు వారాలే. అందువల్ల ఇరవై నాలుగు రోజులకు బయట చేరే ఆవిడకు పదో రోజు ప్రాంతంలో, ముప్పై అయిదు రోజులకు చేరే ఆవిడకు ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది.

నాలుగో ఏడు నేను ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మందు రాయకముందే "తేదీలు రాసుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను. "ఆరు నెలలు రాసుకొని రా" అంది. పాల లెక్క పక్కనే చిన్న చుక్క పెట్టడం మొదలుపెట్టాను. ఆరు నెలల తరవాత చూస్తే నాకు ముప్పై నాలుగు, ముప్పై అయిదు, ముప్పై ఆరు రోజులు! చూశారా, మా అత్తమ్మ లెక్క ముగిసే రాత్రికి నా అదును అప్పుడప్పుడే మొదలవుతోంది. మా వారు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయి ఉండేవారు.

ఈ లెక్కకు మన దేశంలో ఇంకో కథ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయించారు. అప్పటి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీగారి శిష్యురాలు. దినాలు చూసుకొని నిగ్రహం పాటించే పద్ధతినే ఆవిడ ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అబ్రహాం స్టోన్ అనే డాక్టరు వచ్చాడు. 1952 ప్రాంతంలో ఢిల్లీ లోదీ కాలనీలోనూ, మైసూరు రాష్ట్రంలోని రామనగరంలోనూ ప్రయోగం మొదలైంది. తరవాత "షోలే" సినిమా తీసిన కొండలున్నది ఆ రామనగరంలోనే. చదువు రాని స్త్రీలకు పూసల దండలిచ్చారు. రోజుకొక పూస జరపాలి. ఒక రంగు పూసలు గర్భం రాని రోజులు, ఇంకో రంగువి గర్భం వచ్చే రోజులు.

కొందరికి చీకట్లో రంగు తెలియలేదు. కొందరు పూస జరిపితే చాలు, అదే తాయెత్తులాగా కాపాడుతుందనుకున్నారు. నవ్వుకోకండి. లోపల ఏం జరుగుతోందో విడమరచి చెప్పకుండా చేతికి దండ ఇస్తే ఎవరమైనా అంతే. ప్రయోగం పెద్దగా ఫలించలేదు. పిల్లలు వద్దనుకునేవారి కోసం చేసిన ఆ దండనే తిప్పి చూస్తే, కావాలనుకునేవారికి అదే దారి చూపుతుంది. ఓగినో కోరుకున్నదీ ఆ రెండో ఉపయోగమే. యాభై ఏళ్ల తరవాత అమెరికాలో జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వారు 32 పూసల దండ తయారుచేశారు. అందులో ఎనిమిదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా తెల్లపూసలు. అదీ ఇరవై ఆరు, ముప్పై రెండు రోజుల మధ్య నెల తిరిగేవారికే పనికొస్తుంది. నాలాంటి వాళ్లకు కాదు.

1995లో అమెరికాలో 221 మంది స్త్రీల మీద జరిగిన పరిశీలన ఇంకో మెట్టు ఎక్కించింది. గర్భం నిలిచేది అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లోనే. అండం ఆయుష్షు ఒక్క రోజే. మగవారి బీజం అయిదు రోజుల దాకా ఉండగలదు. కాబట్టి ముందే వచ్చి కాచుకోవాలి తప్ప తరవాత పరుగెత్తి లాభం లేదు.

అదును కనిపెట్టే గుర్తులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో తేటగా, జారుడుగా, పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా సాగే ద్రవం కనిపిస్తుంది. 1950ల నుంచి మెల్‌బోర్న్‌లో బిల్లింగ్స్ దంపతులు దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. మనలో చాలామంది దీన్ని జబ్బనుకుని భయపడతాం. దురద, వాసన లేకుండా రెండు మూడు రోజులుండి పోయేది జబ్బు కాదు. పొద్దున్నే పక్క దిగకముందు థర్మామీటరు పెట్టుకుంటే, అండం విడుదలయ్యాక వేడి కొంచెం పెరిగి కనిపిస్తుంది. అయితే అది గడిచిపోయిన కబురే చెబుతుంది. మందుల షాపులో దొరికే మూత్రపరీక్ష పట్టీలు ఒకటి ఒకటిన్నర రోజు ముందే చెబుతాయి. అండాశయాల్లో నీటి బుడగలున్నాయన్న వారికి అవి ఒక్కోసారి తప్పు చూపిస్తాయి. సెల్‌ఫోనులో లెక్క కట్టేవీ వచ్చాయి. మీరిచ్చిన తేదీలను బట్టి అవి అంచనా వేస్తాయి, అంతే.

ఇంకో మాట. సరి రాత్రులైతే కొడుకు, బేసి రాత్రులైతే కూతురు అన్న మాటలో నిజం లేదు. ఆడో మగో తేలేది తండ్రి బీజం నుంచి. అందుకు ఆధారాన్ని 1905లో చూపించింది నెట్టీ స్టీవెన్స్ అనే మహిళ.

నా చుక్కల లెక్క చూశాక మా వారు సెలవు వారం రోజులు జరుపుకున్నారు. ఏడాది తిరక్కుండానే నేను నీళ్లు పోసుకున్నాను. మా బంధువులమ్మాయి ఒకతె కూడా నన్ను చూసి ఏడాది పొడుగునా శ్రద్ధగా చుక్కలు పెట్టింది. ఫలితం లేదు. చివరికి భర్తకు పరీక్ష చేయిస్తే కారణం ఆయన వైపు తేలింది. అప్పటిదాకా గొడ్రాలన్న మాట పడ్డది ఆమె! పిల్లలు కలగని జంటల్లో ఇంచుమించు సగం మందికి మగవారి వైపు కూడా కారణముంటుంది. కాబట్టి ముప్పై అయిదేళ్ల లోపువారు ఒక ఏడాది, దాటినవారు ఆరు నెలలు చూసి, భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెల మరీ క్రమం తప్పేవారు అంతదాకా కూడా ఆగవద్దు.

మా అత్తమ్మ ఇప్పుడు లేదు. మనవరాలిని ఒళ్లో వేసుకొని ఒకనాడు, "అదును అందరికీ ఒక్కతీరుగ ఉండదని నాకేమెరుక బిడ్డా" అంది. పెద్దలు తెలిసినంతలో చెప్పారు. ఇప్పుడు తెలిసిన సంగతి రేపు మీ ఇంటి కోడలికీ కూతురికీ చెప్పే బాధ్యత మనది. క్యాలెండరు మీద పాల లెక్క పక్కన ఒక్క చుక్క పెట్టుకొమ్మనండి.