రాకాసి గుళ్ల నుంచి ధూళికట్ట దాకా

కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల్లో చెలకల్లోనో గుట్ట కిందనో బండరాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటే ఊరివాళ్లు రాకాసి గుళ్లంటారు. అవి ఇనుపయుగపు సమాధులు. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దివి. సుల్తానాబాద్ దగ్గరి కదంబాపూర్‌లో పురావస్తు శాఖ తవ్విందీ ఇలాంటివాటినే. తెలంగాణ సమాధుల్లో తరచూ కనిపించేవి ఇవి: వలయం నడుమ గుంత, కొన్నిచోట్ల పలకబండలతో కట్టిన రాతిపెట్టె, ఏరి తెచ్చి ఉంచిన ఎముకలు, లోపలా మూతి దగ్గరా నల్లగా, కింద ఎర్రగా కాలిన కుండలు, ఇనుప పనిముట్లు. సమాధులున్నంత విరివిగా ఊళ్ల ఆనవాళ్లు దొరకలేదు కాబట్టి వాళ్లు సంచారులని కొందరన్నారు. మట్టిగోడ, గడ్డికప్పు రెండున్నర వేల ఏళ్లు నిలవవు కదా! పంట కోసే కొడవళ్లు, చెట్లు నరికే గొడ్డళ్లు మాత్రం నిలిచాయి. అంతంత బండలను దొర్లించుకొచ్చి నిలబెట్టడం ఊరంతా కలిస్తేనే అయ్యే పని. తమ పెద్దలు పడుకున్న నేల తమదేనని చాటడానికే ఆ శ్రమ పడ్డారని నా నమ్మకం.

ఇలాంటి శ్రమ వేరేచోటా కనిపిస్తుంది. జపాన్‌లో కోఫున్ అనే సమాధి దిబ్బలు క్రీ.శ. 3 నుంచి 7వ శతాబ్దం దాకా లేచాయి. సకాయి నగరంలోని దైసెన్ కోఫున్ పొడవు 480 మీటర్లకు పైనే. అక్కడ రాజ్యంతో పాటు దిబ్బ పెరిగింది. ఇక్కడ కోటిలింగాలలో గోబద, నారన వంటి పాలకుల పేర్లతో నాణేలు పుట్టి, శాతవాహనులు నిలదొక్కుకునే నాటికి రాతి వలయాలు సన్నగిల్లాయి. అదే కాలంలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం లేచింది. స్తూపమూ మూలంలో ధాతువుల (పవిత్ర అవశేషాల) మీద కట్టిన దిబ్బే. బౌద్ధం మగధ నుంచి వచ్చింది, దానికీ ఈ బండలకూ సంబంధమేమిటని అడగవచ్చు. ధర్మం అక్కడిదే. దాన్ని అంత త్వరగా సొంతం చేసుకున్న జనం మాత్రం చనిపోయినవారి చుట్టూ కూడడం అప్పటికే ఎరిగినవాళ్లు. అమరావతి మహాచైత్యం దగ్గర ఇనుపయుగపు అస్థికుండలు బయటపడడం ఈ మాటకు బలం.

ఆదిలాబాద్ రాజ్‌గోండులు మరణించినవారి ఆత్మను వంశదైవం పెర్సాపేన్‌లో కలిపే క్రతువు చేస్తారని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాశాడు. వాళ్లు ఆ సమాధులు కట్టినవారి వారసులని నేననను. పెద్దలే వంశానికి ఆధారమన్న ఆలోచన ఈ నేలలో సజీవంగా ఉందని మాత్రం అంటాను. ఆ ఆలోచనకు ఆనవాళ్లైన బండలు పోకూడదంటే, ఏ ఊళ్లోనైనా గ్రానైట్ క్వారీలకు అనుమతి ఇచ్చేముందు ఆ ఊరి రాతి వలయాలను రెవెన్యూ పటంలో గుర్తించాలి. గ్రామసభలు దీన్ని పట్టుబట్టి అడగాలి.