చరిత్ర పాఠమున సాక్షులు

కొంతకాలము క్రిందట ఉన్నత పాఠశాల విద్యార్థిని యొకతె మాకు ఉత్తరము వ్రాసినది. కాకతీయులను గూర్చి మేము చేసిన ప్రసంగమును ఆమె ఇంటిల్లిపాదితో కూర్చుండి విన్నదట. "రుద్రమదేవి 1296 వరకు పాలించిందని మీరు చెప్పారు. మా పుస్తకంలో 1289 అని ఉన్నది. ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో 1295 అని ఉన్నది. మా పంతులుగారిని అడిగితే, పుస్తకంలో ఉన్నది రాయి, మార్కులు వస్తాయి అన్నారు. ఏది నిజమండి?" అని ఆమె ప్రశ్న.

పంతులుగారి మాట తప్పు కాదు, మార్కులు వచ్చును. చరిత్ర మాత్రము రాదు. మా తప్పు అంతకంటె పెద్దది. మైక్రోఫోను ముందు కూర్చుండి గొంతు తొణకకుండ ఒక సంవత్సరము చెప్పితిమి గాని, అది ఎట్లు తెలిసినదో చెప్పలేదు. ఆ బాలికకు సమాధానము వ్రాయబోయి, ఉన్నత పాఠశాలలలో చరిత్రను ఎట్లు బోధింపవలెనో మేమే కొంత నేర్చుకొంటిమి.

ఊరిలో తగవు వచ్చినప్పుడు రచ్చబండ మీది పెద్దలు సాక్షిని మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: "నీవు కన్నావా, విన్నావా?" ఈ ప్రశ్న మన పిల్లలకు క్రొత్తది కాదు. చరిత్ర తరగతిలోనికి దానిని తీసికొని రావలసియున్నది. రుద్రమదేవి విషయమున నలుగురు సాక్షులను పిలిచి చూతము.

మొదటి సాక్షి మోటుపల్లి రాతిస్తంభము. నేటి బాపట్ల జిల్లా సముద్రతీరమున నున్న ఈ ఊరు కాకతీయుల కాలమున పెద్ద రేవు. రుద్రమదేవి తండ్రియైన గణపతిదేవుడు 1244 ప్రాంతమున సముద్రవర్తకులకు ఇచ్చట అభయశాసనము వేయించెను. తుపాను తాకిడికి పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారనియు, తాను దయతో క్లుప్తమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని మాట యిచ్చుచున్నాననియు దాని సారాంశము. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, రాగి, మిరియములు, పోకలు ఇందు పేర్కొనబడినవి.

దీనిని పిల్లలకు చదివి వినిపించి, "రాజు దయామయుడు" అని వ్రాయించి ముగించినచో శాసనము వ్యర్థమైనట్లే. "కొల్లగొట్టనని రాజు రాతిపై చెక్కింపవలసిన అవసరమేమి?" అని అడుగవలెను. అదివరకు కొల్లగొట్టెడి ఆచారము ఉండబట్టియే గదా! వర్తకులు భయపడి రాకున్న నష్టము ఎవరికి? పదునాలుగేండ్ల పిల్లవాడు ఈ ప్రశ్నకు తానే జవాబు వెదకుకొనగలడు. అట్లు వెదకుకొన్న జవాబును మరచిపోడు.

రెండవ సాక్షి వెనిసు నగరపు యాత్రికుడు మార్కోపోలో. చీనా దేశమునుండి ఇంటికి మరలుచు 1293 ప్రాంతమున మన తీరమును దాటిపోయినవాడు. మోటుపల్లిని అతడు ముట్ఫిలి అని పేర్కొన్నాడు. అచ్చటి రాజ్యమును ఒక రాణి ఏలుచున్నదనియు, ఆమె మరణించిన రాజుకు భార్య యనియు, నలువది యేండ్లుగా భర్తవలెనే చక్కగా పాలించుచున్నదనియు చెప్పెను. సాలెగూడు వంటి సన్నని వస్త్రములను మెచ్చుకొనెను. లోయలలోని వజ్రములను పాములు కాచుకొనియుండుననియు, జనులు పైనుండి మాంసఖండములు విసరగా వానికి అంటుకొన్న వజ్రములను గ్రద్దలు పైకి తెచ్చుననియు కూడ చెప్పెను. వస్త్రములను అతడు కన్నులార చూచి యుండవచ్చును. గ్రద్దల కథయో? ఇది కన్నది, ఇది విన్నది అని విద్యార్థులచేతనే వేరుచేయింపవలెను. అతని గ్రంథము అతడు స్వయముగా వ్రాసినది కాదనియు, 1298లో జెనోవా చెరసాలలో ఉండి చెప్పగా మరియొకరు వ్రాసినదనియు అప్పుడు తెలుపవలెను.

మూడవ సాక్షి గుంటూరు జిల్లాలోని మల్కాపురము శాసనము. ఇది 1261 నాటిది. గ్రామదానములతో పాటు విద్యాలయము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల మొదలగువాని ఏర్పాటులు ఇందు చెప్పబడినవి. ఇందు రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. పరదేశి ఆమెను భార్య యన్నాడు. శాసనము కుమార్తె యన్నది. ఎవరిని నమ్మవలెను? శాసనము ఆమె కాలమున, ఆమె రాజ్యమున, ఆమె నెరిగినవారు వేయించినది. మార్కోపోలో రేవులో ఎవరో చెప్పగా విన్నవాడు. పిల్లలు తీర్పు చెప్పుటకు ఇంతకంటె ఏమి కావలెను?

నాల్గవ సాక్షి నల్లగొండ జిల్లాలోని చందుపట్ల రాయి. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగుటకై ఒక భటుడు దేవునికి భూమి దానము చేసి 1289 నవంబరులో దీనిని వేయించెను. అనగా అప్పటికే ఆమె మరణించినది. ఈ శాసనము వెలుగులోనికి రాకమునుపు వ్రాసిన పుస్తకములలో 1295, 1296 అను సంవత్సరములు కానవచ్చును. ఆ రచయితలు అబద్ధమాడలేదు; తమకు దొరికిన సాక్ష్యము మేరకు తీర్పు చెప్పిరి. క్రొత్త సాక్షి వచ్చినాడు గనుక తీర్పు మారినది. మార్కోపోలో లెక్కయు నిలువదు. రుద్రమ పాలన 1262 ప్రాంతమున ఆరంభమైనదనుకొన్న, 1289కి ఇరువదియేడు ఏండ్లే యగును. అతడు వచ్చిన నాటికి ఆమె లేనే లేదు.

ఆమె మరణించిన తీరును చందుపట్ల శాసనము చెప్పదు. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధమున మరణించి యుండునని చరిత్రకారుల ఊహ. మల్లికార్జునుని జయించితినని అంబదేవుడు త్రిపురాంతక శాసనమున చెప్పుకొనుటయే దానికి ఆధారము. తరగతిలో ఊహను ఊహగానే చెప్పవలెను. రణరంగమును కన్నులకు కట్టినట్లు వర్ణించి, అంతయు నిజమని నమ్మించుట పిల్లలకు చేయు ఉపకారము కాదు.

"పాఠ్యప్రణాళిక పెద్దది, పరీక్షలు దగ్గరపడును, ఇంత తీరిక ఎక్కడిది?" అని ఉపాధ్యాయులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రతి పాఠమును ఇట్లు చెప్పనక్కరలేదు. ఏడాదికి రెండు పాఠములు చాలును. నలుగురు విద్యార్థులు నలుగురు సాక్షులుగా నిలుచుందురు, తక్కినవారు ప్రశ్నింతురు, నల్లబల్లపై ఒక ప్రక్క కన్నది, మరియొక ప్రక్క విన్నది వ్రాయుదురు. ఒక గంటలో ముగియును. వీలున్న ఊళ్లలో పాత గుడి స్తంభములను చూపవలెను. సున్నము, నూనె పూయక, చెక్కక, దూరమునుండి చూచి ఎచ్చట ఏమున్నదో వ్రాసికొనుట నేర్పవలెను.

అట్టి చూపు ఎంత పని చేయునో నాగార్జునకొండ చెప్పును. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను బడిపంతులు అచ్చట ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. ఇక్ష్వాకుల నగరము లోకమునకు తెలియుటకు అది నాంది. తరువాత త్రవ్వకములు జరిగినవి. 1955లో నాగార్జునసాగరమునకు పునాది పడినది. లోయ నీట మునుగకమునుపే శిల్పములను కొండపైకి చేర్చిరి. పంతులుగారు ఆ స్తంభమును చూచియు చూడనట్లు పోయియుండినచో?

ఎట్లు తెలిసినదని అడుగుట నేర్వని బాలుడు పెద్దవాడై, బిగ్గరగా చెప్పినవాని మాటనెల్ల నమ్మును. రేడియో మాటయు అందులో ఒకటి. అందుకే ఆ బాలిక ప్రశ్న మాకు సంతోషము కలిగించినది.

ఆమెకు మేము ఇట్లు వ్రాసితిమి: "అమ్మాయీ, మేము చెప్పినది పాత లెక్క. పరీక్షలో 1289 అని వ్రాయుము. దాని ప్రక్కన చందుపట్ల అని కూడ వ్రాయుము. రేపు మరియొక రాయి దొరికినచో, దానిని కూడ పిలిచి విచారింపుము."