పోలీసు రిజిస్టరులో రెండు రకాల పేర్లు

2021 మార్చి 1న ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ కానిస్టేబుల్ నియామకాల ఫలితాలు ప్రకటించింది. ఎంపికైన వారిలో 13 మంది ట్రాన్స్‌జెండర్లు. అందులో 8 మంది రాయపూర్ జిల్లా వారే. మిగతా ఐదుగురు రాజ్‌నంద్‌గావ్, బిలాస్‌పూర్, కోర్బా, సర్గుజా జిల్లాల వారు.

వీరికి ఎవరూ దయతలచి ఉద్యోగాలు ఇవ్వలేదు. 2017-18లో మొదలైన నియామక ప్రక్రియ 2021 దాకా సాగింది. అన్నాళ్లూ ఓపిక పట్టారు. దేహదారుఢ్య పరీక్షల్లో నెగ్గారు, రాత పరీక్ష రాశారు. రాయపూర్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం పనిచేసే మిత్వా సమితి వారి వెనక నిలబడింది.

13 మందికి ఉద్యోగాలొస్తే దాని మీద ఇంత రాయాలా అని కొందరు అడగవచ్చు. పోలీసు స్టేషన్‌కూ హిజ్రాలకూ ఉన్న పాత సంబంధం తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన చట్టంగా అది మనకు తెలుసు. దాని రెండో భాగం గురించి తెలిసినవారు తక్కువ. ఆ భాగం పూర్తిగా 'యూనక్‌'ల గురించి. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లు, ఆస్తుల వివరాలు ప్రభుత్వం రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్నవాళ్లు ఆడవేషంలో బజారులో కనిపిస్తే అరెస్టు. దత్తత తీసుకోకూడదు. వీలునామా రాయకూడదు. నేరం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలు.

ఇదంతా తెల్లవాళ్ల పని అని చేతులు దులుపుకోవడానికి లేదు. నిజాం రాజ్యంలోనూ ఇలాంటి చట్టమే వచ్చింది, 1329 ఫస్లీలో, అంటే 1919లో. అక్కడా రిజిస్టరు ఉంది. ఆడవారి దుస్తులు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా విడిపోయింది. చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి తదితరులు కోర్టుకు వెళితే, 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. రాజ్యాంగం వచ్చిన 73 ఏళ్లకు!

ఒక మనిషి నేరం చేశాడో లేదో చూడకుండా, 'వాళ్ల స్వభావమే అంత' అని తేల్చేయడాన్ని ఏమంటారు? శాస్త్రం అని మాత్రం అనలేం. జాతకం చూసి దొంగ అని చెప్పడానికీ దీనికీ తేడా లేదు. జాతకాలు రాసేది జ్యోతిష్కుడు, రిజిస్టరు రాసింది సర్కారు.

ఆ పాత నమ్మకాలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. హిజ్రా దీవిస్తే మంచి జరుగుతుందని బిడ్డను చేతికిస్తాం. శపిస్తే కీడు జరుగుతుందని భయపడి పది రూపాయలిచ్చి పంపేస్తాం. ఆ దీవెనకు, శాపానికి ఏ శక్తీ లేదు. కానీ ఆ నమ్మకం వల్ల జరిగిన నష్టం నిజం. ఒక సమూహానికి మనం ఉంచిన ఉపాధి దీవెన, యాచన, ఒళ్లమ్ముకోవడం. చదివించం, ఇంట్లో ఉంచుకోం, పనివ్వం, ఆపైన 'వాళ్లు పని చేయరు' అంటాం.

ఇక పేర్ల సంగతి. ఉద్యోగాల పేర్లలో లింగభేదం ఎందుకు, పేరు మారిస్తే పొట్ట నిండుతుందా అని మన మిత్రులే వెటకరిస్తుంటారు. తెలుగు వ్యాకరణమే చూడండి. మగవాడు 'వచ్చాడు'. ఆడమనిషి 'వచ్చింది', ఆవు 'వచ్చింది', బస్సూ 'వచ్చింది'. వ్యాకరణవేత్తలు పురుషులను మహత్తులు చేసి, స్త్రీలను పశువులతో, రాళ్లతో కలిపి అవతల పెట్టారు. రక్షకభటుడు అనే మాటలో 'డు' ఉంది. ఫైర్‌మ్యాన్‌లో 'మ్యాన్' ఉన్నాడు. కానిస్టేబుల్‌కు ఏ లింగమూ లేదు, మనమే ముందు 'మహిళా' తగిలిస్తాం. 'పురుష కానిస్టేబుల్' అన్నవాళ్లను ఎప్పుడైనా విన్నారా?

అదే తెలుగులో 'కానిస్టేబుల్ గారు వచ్చారు' అంటే వచ్చింది ఎవరైనా కావచ్చు. గౌరవించి మాట్లాడితే లింగభేదం దానంతటదే పోతుంది.

అయితే మాట మారితే అన్నీ మారిపోవు. కర్ణాటక పోలీసు చట్టంలో 2011లో 36ఎ సెక్షన్ చేర్చారు. అదీ 'యూనక్‌'ల రిజిస్టరు గురించే. కోర్టులో కేసు పడ్డాక ఆ మాట తీసి 'వ్యక్తులు' అని పెట్టారు. చక్కటి లింగరహిత పదం! నిఘా పెట్టే అధికారం మాత్రం పోలీసుల చేతిలోనే ఉంచుకున్నారు.

కాబట్టి పేరుతో పాటు తలుపు కూడా తెరవాలి. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో పుట్టింది. 2002లో హర్షిణి కన్హేకర్ చేరేదాకా అందులో ఒక్క మహిళా విద్యార్థి లేదు. ఆ 46 ఏళ్లూ మంటలార్పే శక్తి ఆడవాళ్లలో లేదా?

ట్రాన్స్‌జెండర్లకు ఆ తలుపు తీసింది 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు. తమ లింగం ఏమిటో చెప్పుకునే హక్కు వారిదేనని, విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని చెప్పింది. 2015లో రాయ్‌గఢ్ ఓటర్లు మధు కిన్నర్‌ను మేయర్‌గా గెలిపించారు. 2021లో ఈ 13 మంది. 2022లో బస్తర్ ఫైటర్స్ దళానికి ఎంపికైన 2,100 మందిలో 9 మంది ట్రాన్స్‌జెండర్లు. 2024 డిసెంబరులో హైదరాబాద్‌లో 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియామక పత్రాలు అందుకున్నారు. 1919 చట్టం కింద వీధిలో కనబడితే పట్టుకోవలసిన వాళ్లు అదే హైదరాబాద్ వీధుల్లో వాహనాలు ఆపుతున్నారు.

సంతోషమే, కానీ లెక్క కూడా చూడాలి. 2,100లో 9 అంటే అర శాతం కూడా కాదు. ట్రాఫిక్ అసిస్టెంట్ అంటే హోంగార్డు స్థాయి, రెగ్యులర్ కానిస్టేబుల్ కాదు. దెబ్బలు తిన్న ఒక హిజ్రా అర్ధరాత్రి 112కు ఫోన్ చేసినప్పుడు, వచ్చేవాళ్లు తనను అనుమానితురాలిగా చూస్తారా, పౌరురాలిగా చూస్తారా? ఆ ప్రశ్నకు జవాబు 13 మందితో పూర్తి కాదు.

నూటయాభై ఏళ్లలో ఆ మనుషుల స్వభావం మారలేదు. మారింది దరఖాస్తులో ఒక గడి. ఆ గడి ముందే ఉండి ఉంటే ఎంతమంది ఆ పరుగు పరుగెత్తేవారో ఆలోచించండి.