దశబంధ మాన్యమును మోటారుకారును



రాయలసీమ పెద్దలకు దశబంధ మాన్యమను మాట క్రొత్తది కాదు. పూర్వము చెఱువు కట్టించినవానికిగాని, తెగిన కట్టను పూడ్చి బాగుచేసినవానికిగాని, ఆ చెఱువుక్రింది భూమిలోనో రాబడిలోనో కొంత భాగమును మాన్యముగా నిచ్చెడివారు. ఆ భాగము పదియవ వంతని పేరే చెప్పుచున్నది. అది యూరక యిచ్చిన దానము కాదు. చెఱువును ఎల్లప్పుడును మంచి స్థితిలో నుంచవలెనను కట్టుబాటు దానికి ఉండెడిది. కట్టను నిర్లక్ష్యము చేసినచో మాన్యమును సర్కారు తిరిగి తీసికొనెడిది.

కౌటిల్యుని అర్థశాస్త్రమందును ఇట్టి నియమమే కానవచ్చుచున్నది. క్రొత్తగా చెఱువు కట్టించినవానికి ఐదేండ్లును, పాడుపడినదానిని బాగుచేసినవానికి నాలుగేండ్లును పన్ను మినహాయింపవలెనని యాయన విధించెను. ఆపద వచ్చిననే తప్ప, ఐదేండ్లు వాడక విడిచినవానికి దానిపై హక్కు పోవునని కూడ చెప్పెను. అనగా మన పూర్వులు సాయము చేయుటకు వెనుదీయలేదు. గడువు లేని సాయమును మాత్రము చేయలేదు.

ఈ పాతమాట నేడెత్తుటకు కారణము కలదు. మన దేశమందు మోటారుకార్లు చేయువారికి ప్రభుత్వము ధనసాహాయ్యము చేయవలెనా, వలదా అను ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. రచ్చబండమీద కూర్చున్న రైతు దానిని మఱియొక విధముగా అడుగును. “నేను కారెక్కి యెఱుగను. సబ్బు కొనినను చెప్పులు కొనినను పన్ను కట్టుచున్నాను. ఆ పన్ను కారు చేయువాని కేల పోవలెను?” ఇది యెగతాళి చేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము చరిత్రలో వెదకుదము.

ఈ కథకు మొదట నిలుచువాడు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులది గిద్దలూరు సీమకు చేరువనున్న మోక్షగుండము. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిమ్మట, ఆ నగరమునకు వరదభయము తొలగించు ఉపాయము చూపినవారు వీరే. 1935లో వీరు అమెరికా, యూరపు ఖండములకు పోయి కార్ల కర్మాగారములను పరిశీలించి, స్వదేశమందు అట్టిది నెలకొల్పవలెనని ప్రణాళిక వ్రాసిరి. బొంబాయి ప్రభుత్వము సానుభూతి చూపెను గాని 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేసెను. ఢిల్లీలోని ఆంగ్ల ప్రభుత్వము చేయూత నీయలేదు. కడకు 1942లో బిర్లాల హిందుస్థాన్ మోటార్సును, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ గారి ప్రీమియర్ ఆటోమొబైల్సును వెలసినవి.

స్వాతంత్ర్యము వచ్చిన వెనుక గాలి మాఱెను. 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వము నిషేధించెను. 1953లో సుంకముల సంఘమువారి సలహాపై, విడిభాగములను క్రమముగా ఇచ్చటనే చేయువారికే అనుమతి యని నిర్ణయించిరి. కేవలము భాగములు తెచ్చి బిగించుచుండిన ఫోర్డు, జనరల్ మోటార్స్ కంపెనీలు దేశమును విడిచిపోయినవి. ఇది ఖజానానుండి ధనమిచ్చుట కాదు, కాని సాయమే. పైనుండి వచ్చు పోటీని ఆపినప్పుడు కొనువాడు ఎక్కువ ధర చెల్లించును. ఆ యెక్కువయే సాయము. అది బడ్జెట్టు లెక్కలలో కనబడదు గనుక దానిని అడుగువాడును ఉండడు.

ఫలిత మేమయ్యెను? బిర్లాలవారి అంబాసిడరు 1950ల చివర పుట్టి, రూపు పెద్దగా మాఱకయే 2014 వఱకు వచ్చెను. కొనువారు సొమ్ము కట్టి ఏండ్ల తరబడి వేచియుండిరి. 1980 నాటికిని దేశమంతటిలో ఏటా తయారగు కార్లు ఏబది వేలకు మించలేదు. ఆ బండి చెడ్డదని నేననుట లేదు. గతుకుల బాటలపై, పదిమందిని మోసికొని, పల్లెలో కమ్మరి కొలిమివద్ద కూడ బాగుపడగలిగిన బండి యది. తప్పు పనివారిదికాదు, గడువు పెట్టని ప్రభుత్వమువారిది. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి నేను నేర్చినది ఒకటి కలదు. వెనుకబడిన పిల్లవానికి సాయంకాలము వేఱుగా పాఠము చెప్పుట మేలు. పరీక్ష లేకయే పై తరగతికి పంపుట కీడు. చూచుటకు రెండును దయగానే కనబడును.

1921-22లో ఏర్పడిన ఆర్థిక విచారణ సంఘము ఈ సంగతిని ముందే గుర్తించినది. రక్షణ కోరు పరిశ్రమకు సహజమైన అనుకూలతలు ఉండవలెను. రక్షణ లేనిదే ఎదుగలేనిదై యుండవలెను. ఒకనాటికి రక్షణ లేకయే నిలువగలదై యుండవలెను. 1924లో టాటావారి ఉక్కునకు ఇట్టి విచారణ మీదనే రక్షణ లభించెను. కార్ల విషయమున మూడవ షరతును మనము మఱచితిమి.

మఱియొక విధమైన సాయము 1981లో మొదలయ్యెను. ప్రభుత్వము తానే మారుతీ ఉద్యోగ్ అను సంస్థను పెట్టి, 1982లో జపానువారి సుజుకీ కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. సుజుకీకి మొదట నూటికి 26 వంతుల వాటా. 1983 డిసెంబరులో గుర్గాఁవు నుండి మొదటి కారు వెలువడెను. దీనికిని సుంకములలో సడలింపులు లభించినవి. కాని విడిభాగములను క్రమముగా దేశమందే చేయింపవలెనను కట్టుబాటు దానివెంట నుండెను. అందువలన భాగములు చేయు చిన్న కర్మాగారములు పెక్కు పుట్టినవి. 1993లో కార్లకు లైసెన్సుల పద్ధతి తొలగి, పరదేశ కంపెనీలు వచ్చినను మారుతీ పడిపోలేదు. ప్రభుత్వము 2002లో పెత్తనమును విడిచి, 2007లో తన వాటానంతటిని అమ్మివేసెను. పెట్టినదానికంటె మిక్కిలి యెక్కువ ధనము ఖజానాకు చేరెను. సాయము చేసినవాడు తప్పుకొనుటయు, సాయము పొందినవాడు నిలుచుటయు ఇచ్చట కనబడుచున్నవి.

కొరియా దేశము ఈ విషయమున మనకంటె కఠినముగా నడచెను. 1962లో వారును చట్టము చేసి దిగుమతి కార్లను ఆపిరి. తక్కువ వడ్డీకి అప్పులిచ్చిరి. అయితే స్వదేశపు కారును చేసి పరదేశములలో అమ్మవలెనని కంపెనీలను నిర్బంధించిరి. 1975లో తయారైన హ్యుందాయివారి పోనీ అను కారు 1976లోనే దక్షిణ అమెరికాలోని ఈక్వడారునకు ఎగుమతి అయ్యెను. పరదేశమందు కొనువాడు మొగమోటము పడడు. ఆ యమ్మకమే వారికి పరీక్ష.

ఇందుకు ప్రతిగా ఆస్ట్రేలియాను చూడుడు. 1948లో ప్రధాని చిఫ్లీ గారు హోల్డెను కారును ఆవిష్కరించినప్పుడు ఆ దేశ మంతయు సంతోషించెను. 1980లలో దిగుమతి సుంకము నూటికి 57.5 వఱకు ఉండెను. అంతర్గత విపణి చిన్నది. కంపెనీలు పెక్కు, నమూనాలు మఱియు పెక్కు. తరువాత సుంకములు తగ్గించి, ఖజానానుండి ధనమిచ్చిరి. అయినను 2016లో ఫోర్డు, 2017లో టొయోటా, హోల్డెను కర్మాగారములు మూతపడినవి. డెబ్బదియేండ్లు నీరు పోసినను చెట్టు తన వేళ్లమీద నిలువలేదు. అందు పనిచేసిన కుటుంబములవారి కష్టమును తలచిన, గడువు లేని సాయము పొందినవానికిని మేలు చేయదని తెలియును.

ధనముకంటె బరువైనది భూమి. పశ్చిమ బెంగాలులోని సింగూరులో టాటావారి నానో కారుకొఱకు 2006లో సుమారు వెయ్యి యెకరముల పొలమును సర్కారు సేకరించెను. రైతుల యాందోళనవలన 2008లో కంపెనీ గుజరాతులోని సాణందునకు తరలెను. ఆ రాష్ట్రము స్వల్పమైన వడ్డీకి పెద్ద యప్పిచ్చుటకు ముందుకు వచ్చెను. 2016లో సుప్రీంకోర్టు సింగూరు సేకరణను కొట్టివేసి భూమిని రైతులకు తిరిగి యిమ్మనెను. కాని కాంక్రీటు పోసిన నేల మునుపటి మడి యగునా? ఇటు సాణందులో నానో తయారీ 2018 నాటికి దాదాపుగా నిలిచిపోయెను. రాష్ట్రములు ఒకదానితో నొకటి పోటీపడి యిచ్చునప్పుడు బేరము కంపెనీవైపే మొగ్గును.

ఇక మన పెనుకొండకు వత్తము. 1565 యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులకు నెలవైన ఊరది. వానలు తక్కువై, వేరుసెనగ పండినయేడు పండి, ఎండినయేడు ఎండు సీమ. 2017లో కియా కంపెనీ అచ్చట ఎఱ్ఱమంచివద్ద కర్మాగారము పెట్టుటకు రాష్ట్రముతో ఒప్పుకొనెను. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటికి మూడు లక్షల కార్ల శక్తి. రాష్ట్రము భూమి నిచ్చెను, పన్నులలో రాయితీ నిచ్చెను. గొల్లపల్లి జలాశయమునకు వచ్చిన హంద్రీ-నీవా నీటిలో భాగము నిచ్చెను. 2019లో కార్లు వెలువడసాగి, 2023 నాటికి పది లక్షలు దాటినవి.

ఈ కియా ఎవరు? 1944లో సైకిలు భాగములు చేయుచు పుట్టి, కొరియా ప్రభుత్వపు నీడలో ఎదిగి, 1997లో దివాలా తీసి, 1998లో హ్యుందాయి చేతికి వచ్చిన సంస్థ. అచ్చట లేతమొక్కగా సాయము పొందినది, ఇచ్చటికి మహావృక్షమై వచ్చి మరల సాయము పొందినది. మొక్కకు కంచె వేయుదుము. మానుకు కంచె యేల యని కొందఱు అడుగుదురు. నాకును ఆ సందేహము కలిగెను. అయితే కఱవుసీమలో చదివిన పిల్లలకు బెంగుళూరు దారి తప్ప వేఱు దారి లేకుండిన దినములు మనకు తెలియును. మనము కొనినది కారును కాదు, ఆ పనిని. కావున లెక్కయు ఆ పనికే చూడవలెను.

కనుక నా యభిప్రాయము ఇది. సాయము చేయవచ్చును, అది దశబంధము వలె నుండవలెను. ఎంత యిచ్చితిరి, ఎన్నేండ్లకు, మా పిల్లల కెన్ని కొలువులు, పని జరుగనిచో తిరిగి తీసికొను నిబంధన యేది అని గ్రామసభలో అడుగుటకు మీకు హక్కు కలదు. దాచిన సాయముకంటె లెక్క చెప్పు సాయము మేలు. కట్టపై నిలిచి నీటిమట్టము చూచుట మీకు నేర్పవలసిన విద్య కాదు. ఈ క్రొత్త చెఱువు విషయమందును ఆ చూపును విడువకుడు.

సెలవు.