రైలు రాని ఊరు: బద్వేలు రాకపోకల చరిత్ర

పడమట లంకమల, తూర్పున వెలిగొండ. ఈ రెంటి నడుమ సగిలేటి లోయలో బద్వేలు ఉంది. ఈ సీమలో బండి పాతదే. విజయనగర ప్రభువు బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్ల చెరువు కట్టించినప్పుడు రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు 1369 నాటి శాసనం చెబుతుంది. బండ్లు రాళ్లు మోయడానికి. కూలీలు కాలినడకనే వచ్చి ఉంటారు.

మద్రాసు రైల్వే లైను చెయ్యేటి లోయ పట్టుకుని నందలూరు మీదుగా కడప చేరి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనును కలిసింది. నందలూరుకు ఆవిరి ఇంజన్ల షెడ్డు దక్కింది. బద్వేలుకు స్టేషనైనా దక్కలేదు. రైలెక్కాలంటే సిద్దవటం దగ్గర పెన్న దాటాలి. వంతెన లేని రోజుల్లో ఏరు పారితే ప్రయాణం ఆగినట్టే. 2019లో మొదలైన ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను వెలిగొండను ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగంతో తొలుచుకుని పోయింది. అదీ బద్వేలుకు దక్షిణంగానే.

అందువల్ల ఊరి భారమంతా రోడ్డు మీద పడింది. తొలి తరం బస్సులు ప్రైవేటువి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు మద్రాసు రాష్ట్రంలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. తర్వాత బద్వేలుకూ డిపో వచ్చింది. ఆసుపత్రికి, కోర్టుకు, కాలేజీకి పల్లెజనం చేరగలిగారంటే అది బస్సు చలవే. ఆఖరి బస్సు తప్పితే మాత్రం రాత్రంతా బస్టాండే దిక్కు.

ఆ కొరతను మోటార్‌సైకిలు, షేర్ ఆటో తీర్చాయి. అర్ధరాత్రి పురుటి నొప్పులు వచ్చిన ఇంట్లో సొంత బండి సౌకర్యమే కాదు, ప్రాణాధారం. అయితే దాని మేలు కొనగలిగినవారికి, నడపగలిగినవారికే. ముసలివాళ్లకు, బడిపిల్లలకు బస్సే గతి. నడకకూ ఎద్దుబండికీ సరిపడా కట్టిన పాత బజార్లలో ఇప్పుడు నిలిపిన బండ్లు నడిచేవాళ్లను రోడ్డు మధ్యకు నెడుతున్నాయి. కృష్ణపట్నం రేవుకు పోయే 67వ జాతీయ రహదారి ఊరి మీదుగా సాగింది. రోడ్డు వెడల్పయితే దాటిపోయే లారీకి లాభం. కూరగాయలకు నడిచివెళ్లే మనిషికి కావలసింది కాలిబాట.

ఇక బస్సు సంగతికొస్తే, 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. అప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు టికెట్ డబ్బు లేదు.