ముందస్తు చెల్లింపుల బాధ్యత: వ్యాపారం చేతులు మారినప్పుడు

సరుకు లేదా సేవ అందకముందే వాడుకదారు కట్టిన సొమ్ము ముందస్తు చెల్లింపు. పల్నాడు జిల్లా నూజెండ్ల వంటి మండలాల్లో ఇది చిన్న చిన్న మొత్తాలుగా తిరుగుతుంది: మంచినీళ్ల ప్లాంటు కార్డులో వేయించిన డబ్బు, మిర్చి నారుకు నర్సరీలో కట్టిన అడ్వాన్సు, జూన్‌లోనే కట్టేసిన ఏడాది బడి ఫీజు. యజమాని మారాక వినిపించే జవాబు మాత్రం ఎక్కడైనా ఒకటే: ‘మీరు డబ్బు మాకివ్వలేదు, పాతాయన్ని అడగండి.’ ఈ జవాబు లెక్కకు నిలవదు. ఖాతా పుస్తకాల్లో అడ్వాన్సు రాబడి కాదు, సరుకు అందేదాకా అది తీర్చాల్సిన బాకీయే. దుకాణం పేరును, దానికి అలవాటుపడిన జనాన్ని ధరకట్టి కొన్నవాడు, ఆ జనానికి ఆ పేరు మీద ఇచ్చిన మాటను మాత్రం కొనలేదని అనడం కుదరదు.

చట్టం దీన్ని అమ్మకం జరిగిన తీరును బట్టి చూస్తుంది. కంపెనీ వాటాలు చేతులు మారితే కంపెనీ అదే కనుక బాధ్యతలు కదలవు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామి తప్పుకున్నా, బాకీ రావలసినవారి అంగీకారంతో ఒప్పందం కుదిరితే తప్ప పాత బాకీల నుంచి బయటపడడు. చిక్కంతా యంత్రాలు, స్థలం, సామాను మాత్రమే కొన్నచోట వస్తుంది. అక్కడ కొత్త యజమాని తనంతట తాను ఒప్పుకోకపోతే పాత బాకీ అతనికి దానంతటదే అంటుకోదు. ఈ సందును 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొంత మూసింది. వాడుకదారు సమ్మతి లేకుండా, అతనికి నష్టం కలిగేలా ఒప్పందాన్ని మరొకరికి బదలాయించనిచ్చే షరతును అది అన్యాయమైన ఒప్పందంగా పరిగణిస్తుంది. ఇళ్ల విషయంలో 2016 రియల్ ఎస్టేట్ చట్టం మరింత స్పష్టం: ప్రాజెక్టును వేరొకరికి అప్పగించాలంటే మూడింట రెండొంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి, ఆ చట్టం కింది నియంత్రణ సంస్థ (రెరా) అనుమతి ముందే ఉండాలి, పాత హామీలన్నీ కొత్తవారివే, గడువు కూడా పెరగదు.

తన చేతికి రాని సొమ్ముకు కొత్త యజమాని ఎందుకు నష్టపోవాలన్నది గట్టి అభ్యంతరమే. అయితే కొనేముందు పుస్తకాలు అడిగి చూడగలిగేది అతనొక్కడే. తీర్చని అడ్వాన్సుల మేరకు ధర తగ్గించుకోవచ్చు, కొంత సొమ్ము చేతిలో ఆపుకోవచ్చు. కార్డు పట్టుకున్న మనిషికి బేరం జరిగిన సంగతే తెలియదు. నష్టాన్ని ముందుగా చూసి తప్పించుకోగలవాడి మీద భారం పెట్టడమే సబబు.

పాత భారాలు అంటగడితే కుంగిన సంస్థను ఎవరూ కొనరన్న వాదన కూడా ఉంది. హైదరాబాద్ బాచుపల్లిలోని హిల్ కౌంటీ ఇళ్ల ప్రాజెక్టు దీనికి మంచి పరీక్ష. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడ్డాక, దాని వ్యవస్థాపకుడి కుటుంబానికి చెందిన, ఈ ప్రాజెక్టు కడుతున్న మేటాస్ ప్రాపర్టీస్ కుదేలైంది. అప్పటికే ఇళ్లకు డబ్బు కట్టినవారు, వాటి కోసం బ్యాంకు అప్పులు తెచ్చినవారు ఇరుక్కుపోయారు. 2011లో కంపెనీ లా బోర్డు ఆమోదంతో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ దాన్ని చేపట్టింది. ఇళ్లు పూర్తిచేసి ఇవ్వాల్సిన బాధ్యతతో సహా కొనేవారు దొరికారన్నమాట. అలాంటి బాధ్యతలో భారమే కాదు, కొనుగోలుదారులు ఇంకా కట్టవలసిన సొమ్మూ ఉంటుంది. ఇల్లు ఇస్తేనే అది వసూలవుతుంది.

అగ్రిగోల్డ్‌లో ఇలా జరగలేదు. ప్లాట్లు ఇస్తామని వాయిదాల్లో సొమ్ము వసూలుచేసిన ఆ సంస్థను చేపట్టడానికి ముందుకొచ్చిన సుభాష్ చంద్ర ఫౌండేషన్ 2018లో వెనక్కి తగ్గింది. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2019 నవంబరు 7న గుంటూరులో రూ.10,000 లోపు కట్టినవారికి చెల్లింపులు మొదలుపెట్టింది, 2021లో రూ.20,000 లోపువారికి ఇచ్చింది. ఆస్తులకు మించి బాకీలు పేరుకున్నచోట కొనేవాడి మాటతో పని జరగదన్నది నిజమే. కానీ అది దివాలా సంగతి. నడుస్తున్న నీళ్ల ప్లాంటుకో బడికో ఆ సాకు వర్తించదు.

దివాలా ప్రక్రియలో నియమం వాడుకదారుకు కఠినంగా ఉంటుంది. ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళికలో చేరని క్లెయిములు రద్దయినట్టేనని 2021 ఏప్రిల్‌లో ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక రశీదుతో గడువులోగా క్లెయిము వేయాలి. మామూలు సేవాలోపానికైతే రెండేళ్లలోపు, తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు దాటకపోతే రుసుము లేదు.